ఆట కూడా పనే

(మైలవరంలో మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్నమ్మ ఒడ్డున సమావేశమన్నారు కాబట్టి డ్యామ్ నీళ్ల గురించో, కూలి రేట్ల గురించో చెబుతానని అనుకుని ఉంటారు. నేను ఫుట్‌బాల్ గురించి మాట్లాడదామని వచ్చాను. నవ్వకండి. కూలి, ఒప్పందం, పనిచోట భద్రత అని మనం రోజూ అనుకునే మాటలన్నీ ఇందులోనూ ఉన్నాయి.

గుగులోతు సౌమ్య పేరు మీలో ఎంతమంది విన్నారో తెలియదు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి, లంబాడా బిడ్డ, 2001లో పుట్టింది. బడిలో పరుగు పందేల్లో ఉరికే పిల్లను కోచ్ నాగరాజు ఫుట్‌బాల్ వైపు తిప్పారు. మైదానం అంచు వెంబడి బంతిని తీసుకుపోయే వింగర్ ఆమె. కేరళలోని గోకులం క్లబ్బుకు ఆడింది. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. తర్వాత కలకత్తా ఈస్ట్ బెంగాల్. ఆ క్లబ్బు 2024-25లో మొదటిసారి మహిళా లీగ్ గెలిచినప్పుడు సౌమ్య 9 గోల్స్ కొట్టింది. భారతీయ క్రీడాకారిణుల్లో అవే ఎక్కువ. ఆ సంవత్సరానికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది.

ఇలా వరసగా చెబితే మెట్లెక్కినంత సులువుగా ఉంటుంది. ఆ మెట్లు ఎవరు, ఎప్పుడు కట్టారో చూడాలి.

మగవాళ్లకు జాతీయ లీగ్ 1996లో మొదలైంది. ఆడవాళ్లకు 2016-17లో. అంటే ఇరవై ఏళ్లు ఆలస్యం. మొదలైనాక కూడా చాలా ఏళ్లపాటు అన్ని జట్లనూ ఒకచోటికి రప్పించి, కొద్ది వారాల్లో ముగించేవారు. సొంత ఊళ్లో ఒకసారి, ఎదుటివాళ్ల ఊళ్లో ఒకసారి ఆడే పద్ధతి 2023-24లో గాని రాలేదు. కొద్ది వారాల పనికి ఏడాది పొడవునా ఒళ్లు సిద్ధంగా ఉంచుకోవాలి. మిగతా నెలల్లో తిండి ఎవరు పెడతారు? వ్యవసాయ కూలీకి ఈ లెక్క ఎవరూ వివరించనక్కరలేదు.

2023లో సమాఖ్య ఒక నిర్ణయం తీసుకుంది. మహిళా లీగ్ క్లబ్బులు కనీసం పది మంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షల రూపాయలకు తగ్గకుండా ఒప్పందం రాయాలని. నెలకు ఇరవై ఆరు వేల పైచిలుకు. ఇది ముందడుగే, కాదనను. కానీ మైదానంలోకి దిగేది పదకొండు మంది కదా! బెంచీ మీద కూర్చునేవాళ్ల మాట సరే సరి.

ఇక పెద్దల తగాదా సంగతి. సమాఖ్యకు 2020 డిసెంబరులో జరగవలసిన ఎన్నికలు జరగలేదు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. బయటివారి జోక్యం ఉందంటూ ఫిఫా 2022 ఆగస్టు 15న భారత్‌ను సస్పెండ్ చేసింది. అప్పటికి గోకులం అమ్మాయిలు ఆసియా క్లబ్బుల పోటీకి తాష్కెంట్‌కు చేరారు. ఆడకుండానే వెనక్కి రావలసి వచ్చింది. ఆగస్టు 26న సస్పెన్షన్ ఎత్తేశారు గాని అప్పటికే ఆ అవకాశం పోయింది. కుర్చీల తగాదా మగవాళ్లది, నష్టం ఆడపిల్లలది.

ఇది మన దేశపు వెనకబాటుతనమేలే అని సరిపెట్టుకోవద్దు. ఫుట్‌బాల్‌కు పుట్టిల్లని చెప్పుకునే స్కాట్లాండు సంగతి వినండి. 1971లో ఐరోపా దేశాల సంఘాలు మహిళల ఆటను గుర్తించాలా వద్దా అని ఓటు వేస్తే, ముప్పై ఒక్క దేశాలు సరేనన్నాయి. వద్దన్నది స్కాట్లాండు ఒక్కటే. ఆ దేశంలో 1955లో పుట్టిన రోజ్ రైలీ చిన్నప్పుడు జుట్టు కత్తిరించుకుని, రాస్ అనే మగపేరుతో మగపిల్లల జట్టులో ఆడింది. 1973లో ఫ్రాన్సులోని రీమ్స్‌కు, అక్కణ్నుంచి ఇటలీలోని మిలాన్‌కు వెళ్లి ఆటనే జీవనోపాధి చేసుకుంది. స్వదేశంలో ఆమె మీద నిషేధం పెట్టారు. ఆమె ఇటలీ చొక్కా తొడుక్కుంది. మహిళలకు ఫిఫా ప్రపంచకప్ ఇంకా లేని రోజుల్లో, 1984లో, మిని ప్రపంచకప్ అనదగ్గ ముండియాలితో ఫైనల్లో పశ్చిమ జర్మనీ మీద గోల్ కొట్టి ఇటలీని గెలిపించిన వాళ్లలో ఆమె ఒకతె. 1972లో స్కాట్లాండు తరఫున మొదటి మ్యాచ్ ఆడిన ఆమెకూ ఆమె తోటివాళ్లకూ ఆ దేశం అధికారిక గుర్తింపుగా ఇచ్చే టోపీలు 2019లో అందాయి. నలభై ఏడేళ్ల తర్వాత!

రైలీ వెళ్లిపోయింది. సౌమ్య వెళ్లి, తిరిగి వచ్చింది. తిరిగి వస్తే ఆడటానికి ఇక్కడ లీగ్ ఉంది, ఒప్పందం రాసే క్లబ్బు ఉంది. ఇద్దరి ప్రతిభలో తేడా వెతకకండి, ఈ తేడా చూడండి. సౌమ్య ఉన్న భారత జట్టు 2025 జూలై 5న చియాంగ్ మాయ్‌లో థాయిలాండ్‌ను 2-1తో ఓడించి, 2026 ఆసియా కప్‌కు అర్హత పోటీల ద్వారా మొదటిసారి చేరింది. ఆ రెండు గోల్సూ మిడ్‌ఫీల్డర్ సంగీతా బాస్ఫోర్‌వి.

మన జిల్లాకు వద్దాం. ఎర్రమల్లె నుంచి వచ్చిన శ్రీచరణి 2025లో క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. ఆమె పేరు చెప్పి చప్పట్లు కొట్టడం తేలిక. మీ ఊరి హైస్కూలు మైదానంలో సాయంత్రం నాలుగున్నరకు ఆడుతున్నది ఎవరో ఒకసారి చూసి రండి. ఆడపిల్లలు ఆ వేళకు ఇంట్లో నీళ్లు మోస్తూనో, తమ్ముణ్ణి ఎత్తుకునో ఉంటారు.

ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. స్త్రీల పట్ల వివక్షను తొలగించే ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశం 1993లో ఆమోదించింది. ఆటల్లో, వ్యాయామ విద్యలో ఆడపిల్లలకు సమాన అవకాశం ఉండాలని దాని పదో అధికరణం చెబుతుంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామాను ఉండాలని రాసి ఉంది. పనిచోట లైంగిక వేధింపులను నిషేధించే 2013 చట్టం స్టేడియాన్నీ క్రీడాశిక్షణ సంస్థనూ పనిచోటుగానే లెక్కిస్తుంది. ఈ మూడోది ముఖ్యం. కోచ్ దగ్గరికి పిల్లను పంపడానికి తల్లి ఎందుకు భయపడుతుందో మనకు తెలుసు. భయపడి ఇంట్లో కట్టేయడం కాదు, ఫిర్యాదు కమిటీ ఎక్కడుందని అడగడం మన పని.

విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో సగం మంది స్త్రీలు ఉండాలి. ఈ గదిలో ఆ కమిటీ సభ్యులు ఉండే ఉంటారు. సంతకం పెట్టించుకుని పంపేస్తున్నారేమో చూసుకోండి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే అధికారం ఆ కమిటీదే. అందులో ఆడపిల్లలకు వారానికి ఎన్ని సాయంత్రాలు మైదానం ఇస్తారో, బంతులెన్నో, బూట్లెన్ని జతలో, మరుగుదొడ్డి తాళం ఎవరి దగ్గర ఉంటుందో రాయించాలి. తరువాతి సమావేశం ఏ రోజో హెడ్మాస్టరును అడిగి తెలుసుకోండి.