మౌనము అంగీకారమా?

మధురవాడకు చేరువనున్న బావికొండపై ప్రాచీన బౌద్ధవిహారపు శిథిలములు కలవు. 1982 మొదలు 1987 వఱకు జరిగిన త్రవ్వకములలో మహాచైత్యముతోపాటు భిక్షువులు సమావేశమగు శాలయు బయల్పడినది. బౌద్ధసంఘమునకు సభానియమము లుండెడివి. వినయపిటకమును బట్టి గురుతరమైన విషయమును ముందు సభకు నివేదించి, పిమ్మట ముమ్మాఱు ప్రకటింతురు. సమ్మతించువారు మౌనము వహింతురు, సమ్మతింపనివారు పలుకుదురు. రోగియై రాలేని భిక్షువు తన సమ్మతిని మఱియొకని ద్వారా పంపవలెను.

అచ్చట మౌనమునకు అర్థము ఏల కలిగినది? శాలలోనివారందఱును ఒకే మాటను వినుచుండిరి. పలుకదలచినవానికి గొంతు చాలును.

నేడు ఆ కొండ చుట్టుపట్ల సభలు మఱియొక విధముగా జరుగుచున్నవి. మధురవాడ ఐ.టి. కార్యాలయములో శీతకాలపు రాత్రి 9 గంటలకు కూర్చున్న యువతి, ఉదయము పదిన్నర వేళ న్యూయార్కులోనున్నవారితో ముఖాముఖి మాటలాడగలదు. 2020లో కరోనా ప్రబలినపుడు న్యాయస్థానములు సైతము వీడియో కాన్ఫరెన్సును ఆశ్రయించినవి. ప్రయాణవ్యయము తగ్గినది, మంచముపట్టినవారికిని సభాప్రవేశము లభించినది. ఇది సామాన్యమైన మేలు కాదు.

అయినను నా యనుభవమొకటి మనవి చేసెదను. మా యిండ్లవారి సంఘసభను ఈ రీతినే జరిపితిమి. అధ్యక్షుడను నేనే. వేసవిలో నీటిబండ్ల ఖర్చును ఇంటికింతయని సమముగా పంచవలెనని తీర్మానము వచ్చినది. "ఎవరికైనను ఆక్షేపణ కలదా?" యని యడిగితిని. ఎవరును పలుకలేదు. ఏకగ్రీవమని వ్రాయించితిని. మఱునాడు ఒంటరిగా నివసించు వృద్ధురాలొకరు మెట్లపై నన్ను నిలిపి, "నేను చెబుతూనే ఉన్నాను బాబూ, మీకెవరికీ వినబడలేదు. ఆరుగురున్న ఇంటికీ, నా ఒక్కదానికీ ఒకటే లెక్కా?" అనిరి. ఆమె ఫోనులో మైకు మూసియుండెను. తెరపై ఆమె పెదవులు కదలియుండును, నేను చూడలేదు.

మన దేశమున కంపెనీ డైరెక్టర్ల వీడియో సభలకు 2014 నాటి నియమములు కలవు. ఆరంభమున అధ్యక్షుడు పేరుపేరున పిలువవలెను. ప్రతి డైరెక్టరును తన పేరును, తానున్న చోటును చెప్పవలెను. మాట తెగినను, అస్పష్టమైనను తిరిగి చెప్పుమని అధ్యక్షుడు కోరవలెను. ఆక్షేపణ వచ్చి ఓటు అవసరమైనచో ఒక్కొక్కరిని పిలిచి వారి ఓటును వ్రాసికొనవలెను. తుదకు తీర్మానమును, విభేదించినవారి పేళ్లను ప్రకటింపవలెను. సభావివరముల చిత్తుప్రతిని 15 దినములలో అందఱికిని పంపవలెను.

ఈ నియమములు మా చిన్న సంఘమునకు వర్తింపవు. అయినను వానిలోని న్యాయము మాకు వర్తించునని తలచి, సభను మరల పిలిచితిని. ఈమాఱు ప్రతివారిని పేరుపెట్టి యడిగితిని. అరగంట ఎక్కువ పట్టినది. ఖర్చును మనుష్యుల సంఖ్యనుబట్టి పంచుటకు ఒప్పుకొనిరి. ఇరువురు విభేదించిరి, వారి పేళ్లును వ్రాసితిమి.

బావికొండ శాలలో మౌనము అంగీకారమే. తెరమీది మౌనము అంగీకారము కావచ్చును, తెగిన మాటయు కావచ్చును. ఏది యైనదియు అడిగి తెలిసికొనిన పిమ్మటనే అధ్యక్షుడు తీర్మానమును వ్రాయించుట యుక్తము.