జపాను ప్రకటనచిత్రములు



వర్తకుడు సరకు నమ్ముకొనుటకై గోడ కంటించిన కాగితము కళ యగునా? పరదేశపు రీతి నవలంబించిన చిత్రకారుడు స్వదేశపు రీతికి దూరమగునా? ఇరువదవ శతాబ్ది ప్రారంభమున జపాను చిత్రకారుల కీ రెండు ప్రశ్నలును ఒక్కసారే ఎదురైనవి.

నేటి టోక్యో నగరమున 1673లో వెలసిన ఒక బట్టల దుకాణము కాలక్రమమున మిత్సుకోషి యను పేరు వహించి, 1904లో పాశ్చాత్యపద్ధతిని డిపార్టుమెంటు స్టోరుగా మారుటకు సంకల్పించెను. 1911లో ఆ సంస్థ ప్రకటనచిత్రముల పోటీ నేర్పరచి, ప్రథమ బహుమానముగా వేయి యెన్నులు ప్రకటించినది. దానిని గెలిచినవాడు హషిగుచి గోయో. ఆయన కళాశాలలో అభ్యసించినది పాశ్చాత్య చిత్రలేఖనము. అయినను ఆయన చిత్రించినది పూర్వకాలపు తీరున కిమోనో ధరించి, ప్రాచీన దారుముద్రణ చిత్రముల పుస్తకమును చేతబట్టి కూర్చున్న యువతిని!

అదే సంస్థలో పెక్కేండ్లు పనిచేసిన సుగియురా హిసుయి కథ దీనికి విపర్యయము. 1876లో జన్మించిన ఈయన జపాను సంప్రదాయ చిత్రలేఖనము నభ్యసించి, 1901లో పట్టభద్రుడయ్యెను. కురోదా సెయికి అను చిత్రకారుడు 1900లో పారిస్ ప్రదర్శనమునకు వెళ్లి తెచ్చిన 'ఆర్ట్ నూవో' చిత్రములను చూచి, హిసుయి ఆ నూతనరీతికి ముగ్ధుడయ్యెను.

అయితే ఆ రీతి పూర్తిగా పరాయిది కాదు. నీడలు లేని చదునైన రంగులు, స్పష్టమైన బాహ్యరేఖ - వీనిని ఫ్రెంచి చిత్రకారులు అంతకు పూర్వమే జపాను దారుముద్రణ చిత్రములనుండి గ్రహించియుండిరి. తూలూజ్-లొత్రెక్ ప్రకటనచిత్రములే ఇందుకు నిదర్శనము. జపానువారు ఎరువు తెచ్చుకొన్న దానిలో తాతలనాటి సొమ్ము కొంత కలదన్నమాట!

1927 డిసెంబరు 30వ తేదీన టోక్యోలో ఉయెనో, అసాకుసాల నడుమ భూగర్భ రైలుమార్గము ప్రారంభమైనది. దాని పొడవు 2.2 కిలోమీటర్లు. ఆ సందర్భమున హిసుయి చిత్రించిన ప్రకటన ప్రసిద్ధమైనది. వచ్చుచున్న రైలు నెదురుచూచుచు ప్లాటుఫారముపై బారులుదీరిన జనములో కిమోనోలవారును, పాశ్చాత్యవేషధారులును కలిసియే నిలిచియున్నారు. ఒకరిని చూచి ఒకరు సిగ్గుపడుట లేదు.

1935లో టామా కళాశాల స్థాపితమైనప్పుడు దాని ప్రథమాధ్యక్షుడు ఈ హిసుయియే. గోడమీది కాగితమునకు బొమ్మలు వ్రాసిన చేయి కళాశాలను నడపుటకు తగినదని ఆనాటివారు గుర్తించిరి. మొదటి ప్రశ్నకు సమాధాన మదియే. ఇక రెండవదానికి గోయో, హిసుయిల చిత్రములే సమాధానము. తమ యింటి విద్య నెరిగినవారు గనుకనే వారు పొరుగింటి విద్యలో తమదేదియో పోల్చుకొనగలిగిరి.