పవర్ పెంచుడు కాదు, ముందు ఫోకస్ చూడండి: లేజర్ కటింగ్ మిషన్ సెట్టింగ్స్

ఈ ఎపిసోడ్ సిద్దిపేటలోనే, ఒక నేమ్‌బోర్డుల షాపు వెనక గదిలో షూట్ చేస్తున్నాం. వెనకాల గుంయ్‌మని వినిపిస్తున్నది ఎగ్జాస్ట్ ఫ్యాన్. ఆడియో ఖరాబ్ అయితది అని తెలుసు, అయినా ఆపమని అడగలేదు. ఎందుకో మధ్యలో మీకే అర్థమైతది.

ఈ మధ్య నాకు ఎక్కువగా వస్తున్న మెసేజ్ ఒకటే. "అన్నా, 60 వాట్ల మిషన్ లోన్ తీసుకొని కొన్నా. 4 ఎంఎం ప్లైవుడ్ కూడా తెగుతలేదు. పవర్ ఎంత పెట్టాలె?" చాలామంది వీడియోల్లో దీనికి ఒక నంబర్ చెప్పేస్తారు: 65 పెట్టు, 70 పెట్టు అని. నేను చెప్పను. ఇంకొకరి మిషన్ నంబర్ మీ మిషన్‌కు పనికిరాదు. అసలు పవర్ దగ్గరికి పోయే ముందు ఫోకస్ చూడాలె.

చిన్నప్పుడు భూతద్దం పట్టుకొని ఎండలో కాగితం కాల్చినోళ్లు ఉంటారు కదా? అద్దం సరైన ఎత్తులో ఉంటే చుక్క సన్నగా పడి పొగ లేస్తుంది. కొంచెం పైకి లేపితే చుక్క పెద్దగై, కాగితం వేడెక్కుతుంది గానీ కాలదు. ఎండ అదే, అద్దం అదే, మారింది ఎత్తు ఒక్కటే. లేజర్ మిషన్‌లోనూ ఇంతే.

ఇప్పుడు కొంచెం లెక్క. సీఓటూ లేజర్ కిరణం తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు, అంటే కంటికి కనపడదు. మీకు కనపడే ఎర్రచుక్క వేరే పాయింటర్, దాన్ని చూసి ఫోకస్ పెట్టకండి. (ఈ సీఓటూ లేజర్‌ను 1964లో కనిపెట్టింది మనోడే. మహారాష్ట్ర బారామతిలో పుట్టి, పుణెలో ఇంజనీరింగ్ చదివి, అమెరికా బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన సి. కుమార్ పటేల్. మా బీటెక్‌లో ఈ పేరు ఎవరూ చెప్పలేదు!) మామూలు 2 అంగుళాల లెన్స్‌తో ఫోకస్ సరిగ్గా కుదిరితే చుక్క వెడల్పు సుమారు 0.1 ఎంఎం. 60 వాట్లు మొత్తం ఆ చుక్కలో పడితే చదరపు మిల్లీమీటరుకు 7,600 వాట్ల లెక్క. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు. పోల్చి చూస్తే 76 లక్షల రెట్లు. అందుకే చెక్క తెగుతది.

ఇప్పుడు అదే లెన్స్ ఎత్తు ఒకటింపావు ఎంఎం అటో ఇటో జరిగిందనుకోండి. చుక్క వెడల్పు దాదాపు రెట్టింపు అవుతుంది. వెడల్పు రెట్టింపంటే విస్తీర్ణం నాలుగింతలు, తీవ్రత నాలుగో వంతు. రెండు ఎంఎం దాటి జరిగితే పదో వంతు దగ్గరికి పడిపోతుంది. మీరు 60 వాట్ల మిషన్ తీసేసి 120 వాట్లది తెచ్చినా ఆ నాలుగో వంతు నష్టం పూడదు. ప్లైవుడ్ షీటు ఎండకు వంగి మధ్యలో రెండు ఎంఎం లేవడం ఎంతసేపు? అందుకే షీటు నాలుగు మూలలా అయస్కాంతాలు పెట్టి నొక్కి ఉంచండి.

ఇక ఫోకస్ కనుక్కునేది ఎట్లా? నాకు నమ్మకమున్న పద్ధతి వాలు చెక్క టెస్ట్. 200 ఎంఎం పొడవున్న ఎండీఎఫ్ ముక్క తీసుకోండి. ఒక చివర బెడ్ మీదే ఉంచి, రెండో చివర కింద 10 ఎంఎం మందం ముక్క పెట్టండి. ఇప్పుడు అది చిన్న వాలు. నాజిల్ ఎత్తు మధ్య భాగానికి సరిపోయేలా పెట్టుకొని, ముందు చేత్తో హెడ్‌ను ఎత్తైన చివరి దాకా జరిపి తగలట్లేదని చూసుకోండి. తర్వాత తక్కువ పవర్, ఎక్కువ స్పీడ్‌తో ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్కటే గీత గీయండి. గీత ఒక చోట లావుగా మొదలై, సన్నబడి, మళ్ళీ లావు అవుతుంది. ఫోన్ కెమెరాతో జూమ్ చేసి అన్నిటికన్నా సన్నగా ఉన్న చోటు గుర్తుపెట్టండి. మిషన్ ఎత్తు ముట్టుకోకుండా హెడ్‌ను ఆ చోటు మీదికి తెచ్చి, నాజిల్ కొనకు, చెక్కకు మధ్య దూరం వెర్నియర్‌తో కొలవండి. అదే మీ మిషన్ ఫోకస్ దూరం. మాన్యువల్‌లో రాసింది కాదు, సెల్లర్ వాట్సాప్‌లో పంపింది కాదు, ఇది. అంతే మందం ఉండేలా ఆక్రిలిక్ తుంపు ఒకటి కోసుకొని హుక్‌కు వేలాడదీసుకోండి. ప్రతిసారి ఆ ముక్క మధ్యలో పెట్టి ఎత్తు సెట్ చేస్తే అయిపోయింది.

ఒక మాట: చెక్కడానికి ఫోకస్ షీటు పైన ఉండాలె. మందం షీటు, 6 ఎంఎం అట్లాంటిది కోసేటప్పుడు మాత్రం ఫోకస్‌ను మూడో వంతు నుంచి సగం దాకా లోపలికి దించండి. అంచు నిటారుగా వస్తది.

ఇంక ఈ షాపు సంగతి. పోయిన నెల వీళ్ళకు రిటర్న్ గిఫ్టుల ఆర్డర్ వచ్చింది: 200 కీచైన్లు, వాటిమీద గొల్లభామ బొమ్మ. సిద్దిపేట గొల్లభామ చీరల గురించి మీకు తెలుసు కదా, జీఐ గుర్తింపు ఉన్న నేత. నెత్తిన కుండ పెట్టుకున్న ఆ బొమ్మ దారాల లెక్కన మగ్గం మీద పుట్టింది కాబట్టి అంతా చిన్నచిన్న మెట్లు, గీతలు. చీర మీద ముచ్చటగా ఉంటది. చెక్క మీద మాత్రం ఫోకస్ కొంచెం తప్పినా కుండ, చెయ్యి కలిసిపోయి నల్లటి మరక అయితది. ఇక్కడ అదే అయింది. ఆపరేటర్ తమ్ముడు తెగట్లేదని పవర్ 55 నుంచి 70, 70 నుంచి 85కు పెంచాడు. ఓనర్ అన్నకు ట్యూబ్ పోయిందేమోనని భయం. కొత్త ట్యూబ్ అంటే వేలల్లో ఖర్చు, ఆర్డర్‌కు మూడు రోజులే టైమ్, లోన్ కిస్తీ వచ్చే వారం.

లెన్స్ విప్పి చూస్తే విషయం బయటపడ్డది. తుడిచి మళ్ళీ పెట్టేటప్పుడు ఎవరో తిరగేసి బిగించారు. ఒకవైపు చదునుగా, ఒకవైపు ఉబ్బుగా ఉండే లెన్స్ అయితే ఉబ్బు పైకి, చదును కిందికి ఉండాలె. తిరగేస్తే చుక్క లావెక్కుతుంది, ఫోకస్ దూరం కూడా కాస్త మారుతుంది. సరిగ్గా పెట్టి వాలు టెస్ట్ చేశాక, అదే ప్లైవుడ్ 50 దగ్గరే తెగింది. గొల్లభామ కుండ కుండలాగే వచ్చింది. ఆర్డర్ ఇచ్చేశారు.

(ఈ లెన్స్ జింక్ సెలెనైడ్. పగిలితే ముక్కలు వట్టి చేతులతో ఏరకండి, పొడి పీల్చకండి. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి టిష్యూ. చొక్కా కొంగుతో తుడిస్తే గీతలు పడతయి.)

ఇప్పుడు పవర్. స్క్రీన్ మీద కనపడే పర్సెంట్ అంటే వాట్లు కాదు. ట్యూబ్‌కు పోయే కరెంట్‌ను తగ్గించి పెంచే అంకె అంతే. ట్యూబ్ మీద స్టిక్కర్ ఉంటది, దానిమీద గరిష్ఠ కరెంట్ మిల్లీఆంపియర్లలో రాసి ఉంటది. మీటర్ లేకపోతే ఒకటి పెట్టించుకోండి, కానీ ఆ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే. అక్కడ వేల వోల్టులు ఉంటయి, స్విచ్ ఆపినా కొంతసేపు ఛార్జ్ ఉండిపోతుంది. మీటర్ ఆ గరిష్ఠానికి చేరే పర్సెంట్ ఎంతో తెలుసుకొని, రోజువారీ పని దానికి బాగా తక్కువలో నడపండి. గరిష్ఠం దాటి నడిపితే కోత కొంచెమే పెరుగుతది, ట్యూబ్ ఆయుష్షు మాత్రం బాగా తగ్గుతది. మరీ కిందికి, 10 పర్సెంట్ లోపు పోతే చాలా ట్యూబులు సరిగ్గా వెలగవు, గీత తెగి తెగి వస్తుంది.

నంబర్ వెతికే పద్ధతి సింపుల్. పవర్ ఒక చోట ఆపి స్పీడ్ మార్చండి. చిన్న చిన్న చతురస్రాలు, ఒక్కోదానికి ఒక్కో స్పీడ్. లైట్‌బర్న్‌లో దీనికి మెటీరియల్ టెస్ట్ అని రెడీగా ఉంది. వేలు పెట్టి నెట్టకుండానే తనంతట తాను కిందపడ్డ ముక్కల్లో అన్నిటికన్నా వేగమైనది చూసి, దానికన్నా ఒక మెట్టు నిదానం తీసుకోండి. ఆ నంబర్‌ను షీటు కొన్న షాపు పేరుతో సహా నోట్ చేయండి. ఒకే 4 ఎంఎం ప్లైవుడ్ అనే పేరు మీద గమ్ము, పొరలు వేరువేరుగా ఉంటయి. మూలల దగ్గర మాత్రమే మాడుతుంటే మినిమమ్ పవర్ తగ్గించండి. మలుపుల దగ్గర హెడ్ నిదానిస్తది, అప్పుడు పనిచేసేది ఆ అంకె.

మన ఊరికి సంబంధించిన ముఖ్యమైన ముచ్చట ఒకటుంది. "పొద్దున తెగినయి, మధ్యాహ్నం తెగుతలేవు" అంటారు. సెట్టింగ్ మారలేదు, నీళ్లు మారినయి. ట్యూబ్‌ను చల్లబరిచే నీళ్లు 18 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలె. చిల్లర్ పేరుతో వచ్చే సీడబ్ల్యూ-3000 అనే డబ్బా నిజానికి రేడియేటర్, ఫ్యాన్ మాత్రమే. గదిలో 38 ఉంటే నీళ్లు 38 కిందికి దిగవు. సీడబ్ల్యూ-5000లో ఫ్రిజ్ లాగ కంప్రెసర్ ఉంటుంది. ఎండాకాలంలో పని ఉన్నవాళ్ళు డబ్బు ముందు అక్కడ పెట్టండి, పెద్ద ట్యూబ్ మీద కాదు. వానాకాలంలో దీనికి రివర్స్: నీళ్లు మరీ చల్లగా పెడితే ట్యూబ్ మీద చెమట పడుతుంది, అది హై వోల్టేజ్ పక్కన మంచిది కాదు.

చిన్న డయోడ్ మిషన్లు, ఆ నీలం లైట్‌వి కొన్నవాళ్ళకు ఒక్క ముక్క. పారదర్శకమైన ఆక్రిలిక్ దానితో తెగదు. నీలం కాంతి అద్దంలోంచి పోయినట్టు దాటిపోతుంది. ఎన్ని సెట్టింగులు మార్చినా లాభం లేదు, టైమ్ వేస్ట్ చేసుకోకండి. కళ్ళద్దాలు మాత్రం ఆ మిషన్ తరంగదైర్ఘ్యానికి రేటింగ్ ఉన్నవే పెట్టుకోండి.

ఇప్పుడు ఆ ఎగ్జాస్ట్ ఫ్యాన్. ఫ్లెక్స్, రెక్సిన్‌లో చాలా రకాలు, సన్‌బోర్డ్ పేరుతో అమ్మే కొన్ని ఫోమ్ షీట్లు పీవీసీ. పీవీసీని లేజర్‌తో కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. ఊపిరితిత్తులను కాలుస్తది, మిషన్‌లోని పట్టాలు నెలల్లోనే తుప్పు పడతయి. ఇక్కడ ఫ్యాన్ ఎంత పెద్దదైనా సరే, దీన్ని కోయకూడదు. కస్టమర్ ఎంత రేటు ఇస్తానన్నా సరే. అనుమానం ఉంటే రాగి తీగను ఎర్రగా కాల్చి ఆ ప్లాస్టిక్‌కు తాకించి, మళ్ళీ మంటలో పెట్టండి. మంట పచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్టే. ఈ టెస్ట్ కూడా బయట, గాలి తగిలేచోట చేయండి.

మిషన్ నడుస్తుంటే చాయ్‌కి పోవద్దు. ఎయిర్ అసిస్ట్ పైపు ఊడితే ఆక్రిలిక్ అంటుకోవడానికి నిమిషం చాలు. చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా పెట్టుకోండి.

సొంత మిషన్ లేక ముందు నేర్చుకోవాలె అనుకునేవాళ్ళు హైదరాబాద్ రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది, 2023 మార్చి 2న మొదలైంది. ఏ మిషన్ ఎప్పుడు దొరుకుతదో పోయే ముందే కనుక్కోండి. సిద్దిపేట నుంచి పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. మీ వాలు టెస్ట్‌లో సన్నగీత ఎన్ని ఎంఎం దగ్గర పడ్డదో ఫొటో తీసి పంపండి. లెన్స్ తిప్పి పెట్టినవి ఎన్ని తేలుతయో చూద్దాం. ఉంటా మరి.