చెరువు వార్త ఏ పేజీలో వస్తోంది?

(నందిగామలో జరిగిన రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



మిర్చి ధర గురించో యూరియా గురించో మాట్లాడతానని మీరు అనుకుంటూ ఉంటారు. ఇవాళ చేపల గురించి, పేపర్ల గురించి మాట్లాడతాను. నవ్వకండి, ఇది మన నీళ్ల సంగతే.

1989లో ఈనాడు జిల్లాకో చిన్న పేపరు మొదలుపెట్టింది. తర్వాత మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. అప్పటిదాకా ఊరి పేరు పేపర్లో పడాలంటే హత్యో, మంత్రి రాకో ఉండాలి. చిన్న పేపరు వచ్చాక ఫలానా ఊరి చెరువు చేపల పాట ఎంతకు పోయిందీ, మునేరు మడుగులో వాలుగ పడిందీ, మందునీళ్లు కలిసి చేపలు తేలిందీ అన్నీ రెండేసి ముక్కల్లో వచ్చేవి. టీకొట్టు దగ్గర ముందు ఆ పేజీయే తీసేవాళ్లం.

ఆ రెండు ముక్కల బలం నేను చూశాను. ముప్పై ఏళ్ల కిందటి మాట. మా చెరువు చేపలు పాడుకున్నాయన మార్చిలో రాత్రికి రాత్రి తూము ఎత్తించాడు. నీళ్లు దించితే కొరమీను తేలిగ్గా దొరుకుతుంది కదా! కింద వరి పొట్ట మీద ఉంది, గొడ్లకు తాగే నీళ్లు కూడా అవే. మూడో రోజు పేపర్లో నాలుగు వరుసలు పడ్డాయి. మర్నాడు పొద్దున్నే అధికారి జీపు కట్ట మీద ఉంది, తూము మూయించారు. మా నాన్న ఆ ముక్క కత్తిరించి పాసుపుస్తకంలో పెట్టుకున్నాడు. తర్వాత పాట పాడినవాళ్లతో మాట వచ్చినప్పుడల్లా అదే తీసి చూపించేవాడు. మాకు అంతకు మించిన రికార్డు లేదు.

పోయిన వేసవిలో మళ్లీ అలాగే జరిగింది. ఫొటో తీసి పంపాను. రాలేదు. ఆ రోజు పేజీలో సగం ఒక నాయకుడి పుట్టినరోజు కేకు.

విలేకరి మీద నాకు కోపం లేదు. వార్తకు డబ్బులు అంతంతమాత్రం, పండగొస్తే ప్రకటనలు తేవాలి అని వాళ్లే చెప్పుకుంటారు. చెరువు ప్రకటన ఇవ్వదు కదా. కరోనా వచ్చాక పేజీలూ తగ్గాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లా చీలింది. బందరు సముద్రం కృష్ణా జిల్లాలోనే ఉంది, కైకలూరు ఏలూరుకు పోయింది, మనం విజయవాడతో కలిసి ఎన్టీఆర్ జిల్లా అయ్యాం. దాంతో మన పేజీ నిండా బెజవాడ ట్రాఫిక్కే.

చేపల వార్త అసలు లేదని కాదు. భీమవరంలో వంద కౌంటు రొయ్య ధర వస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధమని ఏటా వస్తుంది. రావాల్సిందే, వాళ్లూ మనవాళ్లే. కానీ 2024 సెప్టెంబరు ఒకటిన మునేరు పొంగితే ఐతవరం దగ్గర హైవే మీద ఆగిన వాహనాలు చూశాం. చెరువుల్లో వదిలిన చేపపిల్ల ఎంత కొట్టుకుపోయిందో, మత్స్య సహకార సంఘాలకు ఎంత దెబ్బో నేనెక్కడా చదవలేదు. మీరెవరైనా చదివితే చెప్పండి.

అడవి పందుల సంగతీ ఇంతే. 1972 చట్టం ప్రకారం అనుమతి లేకుండా వేటాడితే కేసు. మొక్కజొన్న తొక్కిపోయిన రాత్రి వార్త కాదు. చేనికి కట్టిన కరెంటు తీగ తగిలి మనిషి పోతే అప్పుడు వార్త, అదీ నేరాల పేజీలో. ఆ తీగ కట్టడం తప్పే, ఎవరూ కట్టొద్దు. అయితే తీగకు ముందు ఆ రైతు ఎన్ని రాత్రులు కాపలా ఉన్నాడో, ఎన్ని అర్జీలు పెట్టాడో ఎక్కడా రాసి ఉండదు. రేపు నష్టపరిహారం అడిగితే ఆధారం ఏదంటారు?

అందుకని అడుగుతున్నాను. మన సంచికలో నెలకు అర పేజీ దీనికి ఇద్దాం. వత్సవాయి, పెనుగంచిప్రోలు, చందర్లపాడు, కంచికచర్ల, ఏ మండలమైనా సరే, ఊరికి ఒకరు పోస్టుకార్డు అంత రాయండి. చెరువు పేరు, పాట ఎంత, ఎవరి పేరున, తూము ఏ తేదీన ఎత్తారు, పంది తొక్కింది ఎన్ని సెంట్లు. తేదీ మాత్రం తప్పనిసరి. జాలరి ఇళ్లకూ వెళ్లి అడగండి. నీళ్లు ఎప్పుడు తగ్గాయో మనకన్నా వాళ్లకే బాగా తెలుసు, తూము దగ్గర మనకూ వాళ్లకూ తగాదా ఉన్నా సరే.

మా చెరువు సంగతి నేను రాసి తెచ్చాను. సంపాదకుడి గారికి ఇచ్చే వెళ్తాను.