బడికి మెమో కాదు, మాస్టారు కావాలి

(ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవ సభలో మాట్లాడిన మాటల పాఠం)



ఇవాళ డోలు, కొమ్ము, రేల ఆట అన్నీ ఉన్నాయి. సంతోషమే. కానీ నేను బడి గురించి మాట్లాడతాను. ఈ రోజు మనం మాట్లాడకపోతే రేపు మన గుంపుల్లో బడి ఉండదు.

మొన్న ఒక గుంపుకి పోయాను. 22 మంది పిల్లలు, ఒక్క సారు. ఒకటి నుంచి ఐదు దాకా ఐదు తరగతులు, అన్నీ కలిపి 18 సబ్జెక్టులు. ఆ సారు మండలంలో మీటింగ్‌కి పోతే బడికి తాళం. జ్వరం వస్తే తాళం. వానాకాలం వాగు పొంగితే తాళం. ఐదో తరగతి పాప పేరు రాయడానికి తడబడుతోంది. తనిఖీకి వచ్చిన అధికారి ఏం చేశాడు? పిల్లలకి చదవడం రావట్లేదని సారుకి మెమో ఇచ్చి పోయాడు. ఇంకో ఏడాది ఇలాగే ఉంటే పిల్లలు హాస్టల్‌కో, ప్రైవేటు బడికో పోతారు. పిల్లలు తగ్గారు కాబట్టి బడి మూసేస్తాం అంటారు.

మీరే ఆలోచించండి. నీళ్లు పోయకుండా మొక్క ఎండిందని మొక్క మీద కేసు పెట్టినట్టు లేదా ఇది?

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలి. అంటే ఆ గుంపులో ఒక్క సారుతో బడి నడపడమే చట్ట ఉల్లంఘన. మంజూరైన పోస్టుల్లో ఖాళీలు 10 శాతం దాటకూడదు. గది, మరుగుదొడ్డి, తాగునీళ్లు, వంటగది అన్నీ మూడేళ్లలో సమకూర్చాలి. ఆ గడువు 2013 మార్చితో అయిపోయింది. పిల్లల్ని బడిలో చేర్చడం, రోజూ వచ్చేలా చూడటం, ఎనిమిదో తరగతి దాకా పూర్తి చేయించడం ప్రభుత్వం బాధ్యత అని ఎనిమిదో సెక్షన్ చెప్తోంది. ఇవన్నీ తప్పింది ఎవరు? సారు తప్పితే మెమో ఉంది. పోస్టు నింపని వాళ్లకి మెమో ఎవరిస్తారు?

జవాబుదారీ వద్దని నేను అనట్లేదు. బడికి రాని సారుని అడగాల్సిందే. కానీ జవాబుదారీ కిందికే ఎందుకు దిగుతుంది? పిల్లాడు ఫెయిలైతే సారుని అడుగుతారు, సారుని ఎంఈవో అడుగుతాడు, ఎంఈవోని డీఈవో అడుగుతాడు. ఆ పైన ప్రశ్న ఆగిపోతుంది. ఐటీడీఏ పీవోని, సెక్రటేరియట్‌ని, మంత్రిని అడిగేది మనమే. ప్రశ్నతో పాటు సాయం కూడా పై నుంచి రావాలి. వెనకబడిన బడికి ముందు రెండో టీచరు, తర్వాత శిక్షణ, ఆ తర్వాత పరీక్ష. అదీ వరుస.

ఇంక భాష సంగతి. మన కోయలో ఏర్ అంటే నీళ్లు. తెలుగు పుస్తకంలో ఏరు అంటే వాగు. సారు 'ఏరు ఎక్కడుంది' అంటే పిల్ల నీళ్ల కుండ చూపిస్తుంది. క్లాసంతా నవ్వుతుంది. ఆ పిల్లకి ఏమీ రాదని సారు రాసుకుంటాడు. నిజానికి ఆ పిల్లకి ఒక భాష వచ్చు, సారుకే ఆ భాష రాదు. వీలైనంత వరకు పిల్లల మాతృభాషలో చెప్పాలని అదే చట్టం 29వ సెక్షన్లో ఉంది. సమైక్య రాష్ట్రంలో కోయ, గోండి, కొలామి, సవర, కువి లాంటి భాషల్లో వాచకాలు తయారుచేశారు కూడా. పుస్తకాలు వేసి, చెప్పే టీచర్లని నిలబెట్టకపోతే పుస్తకం బీరువాలోనే ఉంటుంది.

ఇది కుదరని పని కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక నిజాం సర్కారు ఉలిక్కిపడింది. హైమెండార్ఫ్‌ని పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే టీచర్ శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి. 80 ఏళ్ల కింద, కరెంటు లేని రోజుల్లో జరిగిన పని ఇది. ఆ బళ్లు దయతో రాలేదు, పోరాటంతో వచ్చాయి.

మన టీచర్లు మన బడిలో ఉండాలనే 2000 సంవత్సరంలో జీవో నంబర్ 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నూరు శాతం చెల్లదంది. సరే, మరి ఊరి భాష వచ్చిన టీచరు కావాలన్న అవసరం పోయిందా? పోలేదు కదా. గుంపు బడిలో చెప్పడానికి అక్కడి భాష రావడం ఒక అర్హతగా పెట్టమని అడుగుదాం. డీఎడ్, బీఎడ్ చేసి ఉపాధి పనికి పోతున్న మన పిల్లలు ఎంతమంది లేరు?

ఆశ్రమ పాఠశాలల సంగతి చెప్పకుండా దిగలేను. 2024 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లా ఆశ్రమ పాఠశాల చెల్లె ఒకరు ఫుడ్ పాయిజన్‌తో నిమ్స్‌లో మంచం పట్టి చనిపోయింది. చదువుకోడానికి పంపిన బిడ్డ శవమై వచ్చింది. రాత్రి జ్వరం వస్తే చూసే హెల్త్ వర్కర్ ప్రతి ఆశ్రమ పాఠశాలలో ఉండాలని అడగడం గొంతెమ్మ కోరికా? ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే పనిచేసే సీఆర్‌టీలకి జీతం టైముకి ఇవ్వకుండా, చదువు బాగుపడాలంటే ఎట్లా?

ఇప్పుడు మన తప్పు కూడా చెప్పుకుందాం. బడి కమిటీలో మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం ఆడవాళ్లు ఉండాలి. ఉన్నారు, కాగితం మీద. తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి వచ్చేస్తున్నాం. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది ఆ కమిటీయే. ఆ ప్రణాళికని బట్టే నిధులివ్వాలని చట్టం. మన ఊళ్లో అది ఎవరు రాశారో ఎవరికైనా తెలుసా? సారు మనవాడైతే రాకపోయినా ఊరుకున్నాం. ఊరుకున్నది మన పిల్లల పేరు మీద.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫోన్లో స్టేటస్ పెట్టడం ఒక్కటే చాలదు. ఊరికి పోయాక నాలుగు పనులు చేయండి. ఒకటి, మీ బడిలో ఎన్ని పోస్టులు మంజూరు, ఎన్ని ఖాళీ అని సమాచార హక్కు కింద అడగండి. రెండు, నెల రోజులు బడి ఎన్ని రోజులు తెరిచారో గోడ మీద రాయండి. మూడు, పెసా చట్టం సామాజిక రంగ సంస్థల మీద, ఉద్యోగుల మీద నియంత్రణ గ్రామసభకి ఉండాలని చెప్పింది. గ్రామసభ పెట్టి బడి మీద తీర్మానం రాయండి, బడి మూయొద్దని కూడా అందులోనే రాయండి. నాలుగు, విద్యా హక్కు చట్టం కింద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మూడు నెలల్లో తేల్చాలి. తేల్చకపోతే బాలల హక్కుల కమిషన్ దాకా పోదాం. కాగితం ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకోండి.

ఆ గుంపులో వచ్చేటప్పుడు ఒక అవ్వ నన్ను అడిగింది, 'అయ్యా, రెండో సారు ఎప్పుడొస్తడు?' అని. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు ప్రభుత్వం చెప్పాలి. చెప్పేదాకా అడగడం మన పని.

జల్ జంగల్ జమీన్‌తో పాటు బడి కూడా మనదే. జోహార్ కుమ్రం భీం! జై ఆదివాసీ!