బ్యాంకుల నిర్వహణము - నష్టభయ నివారణము



విద్యాభివృద్ధిని గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ఇదివరకే సెలవిచ్చియున్నారు. మేము పరుల ధనమును దాచువారి ధర్మమును గూర్చి కొన్ని మాటలు మనవి చేయదలచితిమి. వర్తకము మన వైశ్యకుటుంబములకు వంశానుగతమైన వృత్తి. చిట్టా ఆవర్జాలు మన బిడ్డలకు అక్షరములతోడనే పరిచితములు. అయినను అంగడి వేరు, బ్యాంకు వేరు. ఈ భేదమును మరచినందున ఎన్ని కుటుంబములు కూలిపోయినవో చరిత్ర చెప్పుచున్నది.

అంగడివాడు ప్రధానముగా తన సొమ్ముతో వ్యాపారము చేయును. నష్టము వచ్చినచో మొదట తానే చెడును. బ్యాంకట్లు కాదు. ఉదాహరణమునకు, ఒక బ్యాంకు 100 రూపాయలు అప్పులిచ్చినదనుకొందము. అందు వాటాదారుల మూలధనము 8 రూపాయలు. తక్కిన 92 రూపాయలును డిపాజిటుదారులవి. ఆ అప్పులలో 8 రూపాయలు మునిగినంతనే మూలధనము హరించిపోవును. తొమ్మిదవ రూపాయి ఏ వితంతువుదో, ఏ పింఛనుదారునిదో అయియుండును. మరియు, సిబ్బంది జీతములును, డిపాజిటుల వడ్డీయును పోగా నూటికి ఏటికొక రూపాయి మిగిలినదనుకొన్నచో, ఒక్క నూరురూపాయల అప్పు మునిగినప్పుడు నూరు మంచి అప్పుల ఏటి లాభము దానితో మునుగును. బ్యాంకు నిర్వహణమందలి జాగ్రత్త లన్నియు ఈ లెక్కనుండి పుట్టినవే.

బ్యాంకునకు ముఖ్యముగా నాలుగు విధముల అపాయములు కలవు. మొదటిది, ఇచ్చిన అప్పు రాకపోవుట. రెండవది, ఆస్తి యున్నను అడిగిననాడు చేతిలో రొక్కము లేకపోవుట. మూడవది, వడ్డీరేట్లు మారుటవలన కలుగు నష్టము. నాలుగవది, లోపలివారి మోసమును, అజాగ్రత్తయు.

రొక్కపు కొఱతకును, మితిలేని సాహసమునకును మన దక్షిణదేశమున మరపురాని దృష్టాంతము అర్బత్నాటు కంపెనీ. చెన్నపట్టణమున పేరుమోసిన ఈ తెల్లదొరల కొఠీ 1906 అక్టోబరులో దివాలా తీసెను. దొరల కొఠీ గదా యని నమ్మి ఉద్యోగులును, భూస్వాములును, సామాన్యులును దాచుకొన్న సొమ్ము పోయెను. సర్ జార్జి అర్బత్నాటునకు కారాగారశిక్ష పడెను. ఆ దుఃఖమునుండియే, వి. కృష్ణస్వామి అయ్యరు ప్రభృతుల కృషివలన, 1907లో ఇండియను బ్యాంకు వెలసెను. అటుపిమ్మట 1923లో డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రబ్యాంకును స్థాపించిరి. అది 1980లో జాతీయమై, 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియను బ్యాంకులో లీనమైనది.

కట్టుబాట్లన్నియు ఇట్టి దెబ్బల ననుసరించియే వచ్చినవి. రిజర్వుబ్యాంకు 1935లో ఏర్పడెను. బ్యాంకుల చట్టము 1949లో వచ్చెను. 1960లో కేరళమునందు పాలై సెంట్రల్ బ్యాంకు పడిపోగా, 1962 ఆరంభమున డిపాజిటుల భీమాసంస్థ నెలకొల్పబడెను. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వుట మనకు అలవాటే. అయినను త్రవ్విన బావిని పూడ్చకుండ కాపాడుకొనుట వివేకము.

ఇక అప్పుల సంగతి. మంచి బ్యాంకులో అప్పు కోరువానిని ఎరుగుట ఒకరి పని. అప్పు మంజూరు చేయుట మరియొకరి పని. తరువాత కనిపెట్టియుండుట వేరొకరి పని. ఒకరు వ్రాసిన పద్దును మరియొకరు సరిచూడవలెను. ఆవర్జా వ్రాయు గుమాస్తా చేతికి ఇనుపపెట్టె తాళము లీయరాదని మన పెద్దలు పెట్టిన నియమమే ఇది. ప్రతి అధికారికిని ఇంతవరకే అప్పీయవచ్చునను పరిమితి యుండును. ఏ ఒక్క ఋణగ్రస్తునకును, ఏ ఒక్క వర్తకసమూహమునకును హద్దుమీరి యీయరాదు. బ్యాంకు డైరెక్టరులకును, వారికి సంబంధము గల వ్యాపారములకును అప్పిచ్చుటను 1949 చట్టమునందలి 20వ సెక్షను నిషేధించుచున్నది. ఈ నిషేధమును మీరందరును ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థించుచున్నాము.

వడ్డీగాని, అసలు కిస్తుగాని 90 దినములకు మించి బాకీపడినచో దానిని మొండిబాకీగా చూపి, కొంత లాభమును దానికై విడిగా తీసియుంచవలెను. పాతబాకీ తీర్చుటకు క్రొత్త అప్పిచ్చి పద్దును పచ్చగా చూపుట కపటము. రోగమును దాచినంతమాత్రమున రోగము పోదు. 2018 నాటికి మన దేశపు వాణిజ్యబ్యాంకుల మొండిబాకీలు నూటికి 11 దాటినవి. అవి హఠాత్తుగా పుట్టినవి కావు. అనేక సంవత్సరములు దాగియుండి, రిజర్వుబ్యాంకు పద్దులను నిశితముగా పరీక్షింపగా బయలుపడినవి. పిదప ప్రభుత్వబ్యాంకులకు క్రొత్త మూలధనము పోయవలసివచ్చెను.

దాచుటవలని కీడు 2019లో బొంబాయి యందలి పంజాబ్ మహారాష్ట్ర సహకారబ్యాంకు విషయమున మిక్కిలి స్పష్టమైనది. అది వాణిజ్యబ్యాంకు కాకపోయినను పాఠ మొక్కటే. ఇచ్చిన అప్పులలో మూడింట రెండువంతులకు మించి ఒక్క గృహనిర్మాణ సమూహమునకే పోయినవి. వేలకొలది కల్పితఖాతాలతో ఆ సంగతి కప్పిపుచ్చబడెను. గుట్టు వెలువడిన సెప్టెంబరు మాసమున, డిపాజిటుదారుడు తన ఖాతానుండి మొదట 1,000 రూపాయలకు మించి తీసికొనరాదని ఆంక్ష వచ్చెను. లక్షలు దాచుకొన్నవారు మందులకై చేయి చాచవలసివచ్చినది. మన చెంతనే, సికిందరాబాదు కేంద్రముగా నడచిన గ్లోబల్ ట్రస్టు బ్యాంకు 2004లో మారటోరియము పాలై వేరొక బ్యాంకులో కలిసిపోయెను. అందు డిపాజిటుదారులు గట్టెక్కిరి; వాటాదారులకు మాత్రము ఏమియు దక్కలేదు.

వడ్డీరేటు వలని అపాయము సూక్ష్మమైనది. నూటికి 2 వంతున వడ్డీ వచ్చు 10 ఏండ్ల పత్రమును 100 రూపాయలకు కొంటిమనుకొనుడు. మరునాడు లోకమున వడ్డీ 5కు పెరిగినచో ఆ పత్రమునకు సుమారు 77 రూపాయలకు మించి ఎవరును ఈయరు. గడువువరకు ఆగగలిగినచో నష్టము లేదు, ఆగలేనివానికే ముప్పు. అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు ఎప్పుడడిగిన అప్పుడీయవలసిన డిపాజిటులను దీర్ఘకాలపత్రములలో పెట్టెను. 2023 మార్చి 9వ తేదీన ఒక్కదినమున డిపాజిటుదారులు 4,200 కోట్ల డాలర్లు తిరిగి కోరిరి. మరునాడే ఆ బ్యాంకు మూతపడెను. అందుచేతనే మన బ్యాంకులు డిపాజిటులలో కొంతభాగము రిజర్వుబ్యాంకువద్ద రొక్కముగాను, మరికొంత ప్రభుత్వపత్రములుగాను ఉంచితీరవలెనని శాసనము. ఏ గడువున ఎంత వచ్చును, ఎంత పోవును అను పట్టికను నిత్యము చూచుకొనుటయు నిర్వాహకుల విధి.

డిపాజిటుదారునకు గల రక్షణమేమి? 2020 ఫిబ్రవరినుండి ఒక్కొక్క బ్యాంకునందు ఒక్కొక్కరికి అసలు వడ్డీలు కలిపి 5 లక్షల రూపాయలవరకు భీమా కలదు. ఒకే బ్యాంకు శాఖలు పది యైనను లెక్క ఒక్కటే. వేరు బ్యాంకులైనచో లెక్క వేరు. పరపతి సంఘములకును, చీటీ కంపెనీలకును, మనవాడేగదా యని చేబదులుగా ఇచ్చు సొమ్మునకును ఈ భీమా లేదు. కులాభిమానము మంచిదే, కాని అభిమానము హామీపత్రము కాజాలదు.

సోదరులారా! ఇంత చెప్పుటకు కారణమొకటి కలదు. మన సంఘమునకు విద్యార్థివేతన నిధియు, వసతిగృహ నిధియు కలవు. ఆ నిధులు బ్యాంకులలో స్వల్పవడ్డీకి పడియున్నవనియు, వర్తకులైన సభ్యులకు వానిని ఇచ్చినచో అధికవడ్డీ వచ్చుననియు కొందరు పెద్దలు సూచించుచున్నారు. వారి సద్భావమును మేము శంకింపము. కాని ఇది డైరెక్టరు తన బ్యాంకునుండి తానే అప్పు తీసికొనుట వంటిది. కిస్తు తప్పిననాడు అడుగువారెవరు? పోషకుని గుమ్మమునకు పోయి బాకీ యడుగుటకు ఏ కార్యదర్శికి నోరు వచ్చును? అడిగినచో స్నేహము చెడును. అడుగకున్నచో పేదపిల్లవాని చదువు చెడును.

కావున ఈ మహాసభవారు నాలుగు నియమములను తీర్మానింపవలెనని కోరుచున్నాము. నిధులను పలు బ్యాంకులలో, సాధ్యమైనంతవరకు భీమా పరిమితికి లోబడి, పంచి యుంచవలెను. ఎంతటి పెద్దలకైనను, ఎంత వడ్డీకైనను, నిధినుండి అప్పీయరాదు. ఇద్దరి సంతకములు లేనిదే రూపాయి కదలరాదు. సంఘముతో సంబంధములేని ఆడిటరు పరీక్షించిన లెక్కను ప్రతివత్సరము ఈ సంచికలో ముద్రింపవలెను.

ఈ నియమములు మనవారియందు అవిశ్వాసముచేత పుట్టినవి కావు. నమ్మికను చిరకాలము నిలుపుకొనుటకు లెక్కయే ఆధారము. దాతలు చెమటోడ్చి యిచ్చిన ప్రతి రూపాయియు ఒక బాలుని పుస్తకముగా, ఒక బాలిక భోజనముగా చేరవలసినచోటికి చేరునట్లు చేయుట మన ధర్మము.