స్విచ్చిలోని యనుమతుల పట్టిక



తిరువూరులోని యొక కార్యాలయమునఁ గంప్యూటరులను గలుపు స్విచ్చి యను పెట్టె కలదు. ఏ కంప్యూటరు దేనిని జేరవచ్చునో తెలుపు ననుమతుల పట్టికను దానిలో వ్రాయుదురు. అచ్చటి ప్రతి కంప్యూటరునకును 0 మొదలు 255 వఱకుఁ గల సంఖ్యలు నాలుగింటితోఁ గూర్చిన చిరునామా యుండును. స్విచ్చి యా చిరునామాను జూచి పట్టికను పైనుండి క్రిందికిఁ జదువును. మొదట సరిపోలిన పంక్తియే తీర్పు. దాని క్రిందివానిని జదువదు. ఏదియు సరిపోలనిచో, వ్రాయకున్నను నిషేధమే.

నేనొకనాఁడు విజయవాడ నుండియే యా పట్టికను మార్చితిని. లెక్కల కంప్యూటరును గుమాస్తాయు నేనును దక్క నన్యులు చేరరాదని నా తలంపు. కాని "అందఱికిని నిషేధము" అను పంక్తిని బైనను, మా యిరువురి యనుమతులను గ్రిందను వ్రాసితిని. తత్క్షణమే గుమాస్తాకుఁ ద్రోవ మూసికొనెను. సరిదిద్దఁబోయిన నాకును మూసికొనెను. నేను బస్సులోఁ దిరువూరు చేరి, స్విచ్చికే తీగ తగిలించి, పంక్తుల వరుస మార్చువఱకు రైతులు పత్రములకై యరుగుపైఁ గూర్చుండిరి.

నాఁటినుండి పట్టికను మార్చుటకు ముందే, 10 నిమిషములకుఁ దనంతటఁ దాను ఆగి మరల మొదలిడుమని స్విచ్చికిఁ జెప్పుదును. పొరపాటు జరిగినచో, భద్రపఱుపని మార్పు చెఱిగిపోయి పాత పట్టికయే వచ్చును. అంతయు సరిగా నున్నచో నా యాజ్ఞను రద్దుచేసి, మార్పును భద్రపఱతును.

మీ యూరి లెక్కలును గంప్యూటరులో నున్నచో, వానిని జేర నెవ్వరి కనుమతి కలదో యడిగి తెలిసికొనుఁడు.